సంవత్సరం లేని తేదీ

ఈ ఉత్తరం రాసిన పాఠకురాలు తన పేరు, కాలనీ పేరు, నియోజకవర్గం పేరు బయటపెట్టవద్దని కోరారు. హైదరాబాదులో ఒక పాత కాలనీ అనుకుందాం. ఆమెకు నలభై ఆరేళ్ళు. ఇంటర్ వరకు చదివారు. భర్తది ప్రైవేటు ఉద్యోగం, కొడుకు ఇంజినీరింగు చదువుతున్నాడు. గత శాసనసభ ఎన్నికలు ముగిసినప్పటి నుంచి వారి ఎమ్మెల్యే కార్యాలయం నియోజకవర్గ ప్రజలకు వాట్సాప్‌లో సమాచారం పంపుతోంది. సభ ఏ బిల్లును ఆమోదించింది, ఏ పథకానికి ఎవరు అర్హులు, వైద్య శిబిరం ఎక్కడ, మంచినీళ్ళు ఏ రోజు రావు, ఇలాంటివి. ఆ సందేశాల్లో సగం ఇంగ్లీషు, మిగతా సగం జీవోల తెలుగు. ఈమె వాటిని చదువుకుని, మామూలు మాటల్లో తిరగరాసి కాలనీ గ్రూపులో పెట్టేవారు. చదవడం రానివాళ్ళకు తన గొంతుతోనే చెప్పి పంపేవారు. కాలనీ వెనక బస్తీ నుంచి, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు సాయంత్రం నాలుగు దాటాక కాగితాలు పట్టుకుని ఈమె గుమ్మం ముందుకు వచ్చేవారు. "ఎవరి కాగితమైనా ఒకటి పూర్తయిన రోజు నాకు అన్నం రుచిగా ఉండేది" అని రాశారు.

2024 డిసెంబరు చివరి వారంలో బంధువుల గ్రూపు నుంచి ఒక సందేశం వచ్చింది. డిసెంబరు 28 నుంచి జనవరి 6 వరకు ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకుంటారని, పింఛను కావలసినవాళ్ళు కూడా పెట్టుకోవచ్చని అందులో ఉంది. కింద తమ ఎమ్మెల్యే కార్యాలయం పేరు కూడా ఉండడంతో ఈమె దాన్ని అందరికీ చెప్పారు. బస్తీలో ఒకామెకు ఆ ఏడాది వేసవిలోనే భర్త పోయాడు. నాలుగు ఇళ్ళలో పని మానుకుని ఆమె రెండు రోజులు తిరిగింది. వార్డు కార్యాలయంలో ఇప్పుడు అలాంటిదేమీ లేదన్నారు. మీసేవ కేంద్రం బయట ఒక మధ్యవర్తి మాత్రం తాను పెట్టిస్తానని చెప్పి 1,500 రూపాయలు తీసుకున్నాడు, ఆ తరువాత కనిపించలేదు. ఆ సందేశం అబద్ధం కాదు, ఏడాది పాతది. "నువ్వు చెబితేనే కదా అక్కా వెళ్ళాను" అని ఆమె గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. మర్నాడు ఆమె కొడుకు వచ్చి గేటు దగ్గర కేకలు వేశాడు. భర్తకు తలకొట్టేసినట్టయింది. "ఇక ఈ ఊరి పనులు చాలించు" అన్నారు. అది జరిగి నెలలు గడిచాయి. ఈలోగా ఎమ్మెల్యే కార్యాలయం నుంచి కబురు వచ్చింది: మీరు బాగా చేస్తున్నారు, మహిళా కమిటీలో పదవి తీసుకోండి, ఇక మీదట ప్రతి సందేశం మీద సార్ ఫొటో పెట్టండి అని. కాలనీలో కొందరు ఈమెను ఇప్పటికే పార్టీ మనిషి అంటున్నారు. మానేయాలా, చేరాలా, ఆమె ముఖం ఎలా చూడాలి అన్నవి ఈ పాఠకురాలి ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మానేయాలా, చేరాలా అన్నవి మీరు ముందు అడిగారు. ఆమె సంగతి చివరి పేజీలో, అక్షరాలు చిన్నవి చేసి రాశారు. నేను చివరి పేజీతోనే మొదలుపెడతాను. అది తేలకుండా మిగతా రెండూ తేలవని నా నమ్మకం.

తప్పు మీది కాదని చెప్పి మిమ్మల్ని ఊరడించను. మీరు ఆ మాట కోసం రాసినట్టు నాకు అనిపించలేదు. కానీ ఏ తప్పు ఎవరిదో విడదీసి చూద్దాం. ప్రజాపాలన దరఖాస్తులు నిజంగానే డిసెంబరు 28 నుంచి జనవరి 6 వరకు తీసుకున్నారు. అయితే అది 2023 డిసెంబరు, 2024 జనవరి. మహాలక్ష్మి, గృహజ్యోతి, ఇందిరమ్మ ఇళ్ళు, రైతు భరోసా, చేయూత, అన్నింటికీ అప్పుడు ఒకే ఫారం. ఆ ఫారం ఉచితం. సందేశం రాసినవాళ్ళు రోజు, నెల వేసి సంవత్సరం వదిలేశారు. అది కార్యాలయం నిర్లక్ష్యం. ఏ సంవత్సరం అని మీరు అడగలేదు. అది మీ వంతు. డబ్బు తీసుకుని మాయమైనవాడు చేసింది మోసం. ఈ మూడింటినీ మూటకట్టి మీరొక్కరే నెత్తిన పెట్టుకున్నారు. మీ వంతుకు మాత్రం మీరు జవాబు చెప్పాలి. మిగతా రెండు వంతులకు మీరు జవాబుదారీ కారు.

ఆ 1,500 ఇవ్వాలా అని మీరు నేరుగా అడగలేదు గానీ, "ఇచ్చేస్తే మావారు ఏమంటారో" అన్న వాక్యంలో ఆ ప్రశ్న ఉంది. ఇవ్వకపోతే చట్టప్రకారం మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ వీధిలో ఆమె ఎదురైన ప్రతిసారీ మీరు పక్క సందులోకి తిరుగుతున్నారని మీరే రాశారు. అలా ఎంతకాలం తిరుగుతారు? ఇస్తే రేపు ఇంకొకరు తమ నష్టానికీ మీ దగ్గరకే రావచ్చు, ఆ భయం అర్థంలేనిది కాదు. నేనైతే ఆ రెండు రోజుల కూలి ఇస్తాను, మధ్యవర్తికి పోయిన డబ్బు ఇవ్వను. కూలి పోయింది నా మాట వల్ల. ఆ డబ్బు పోయింది వాడి చేతివాటం వల్ల, దాన్ని వాడి దగ్గరే అడగాలి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వడానికి ఆమెకు ధైర్యం చాలకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు. ఏ మార్గం ఎంచుకున్నా ముందు ఆమె ఇంటికి మీరు వెళ్ళండి, ఆమెను మీ గుమ్మానికి పిలిపించుకోకండి.

పింఛను సంగతి ఇంకా అలాగే ఉంది. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. వితంతు పింఛను నెలకు 2,016 రూపాయలు. 2014 నవంబరులో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు 1,000 ఉండేది, 2019లో పెంచారు. నాలుగు ఇళ్ళలో గిన్నెలు తోమే మనిషికి 2,016 అంటే ఇంటి అద్దెలో పెద్ద భాగం. అందరి గొడవా తప్పుడు తేదీ చుట్టూ తిరిగింది, ఆమె అర్జీ మాత్రం ఇంతవరకు ఎవరి బల్ల మీదకీ చేరలేదు. దాని గురించి చివర్లో చెబుతాను.

ఇక సందేశాల పని. మానేస్తే ఏమవుతుంది? ఇంట్లో గొడవ తగ్గుతుంది, ఇది నిజం. మీకూ రాత్రి నిద్ర పడుతుంది. అయితే ఆ సందేశాలు ఆగవు. మీరు తిరగరాసినా రాయకపోయినా అవి కాలనీలోకి వస్తూనే ఉంటాయి, ఇకపై ఎవరూ విప్పిచెప్పకుండా వస్తాయి. మీసేవ బయట కూర్చున్నవాడికి అంతకన్నా కావలసింది లేదు. కాగితం అర్థం కాని మనిషి దగ్గరే వాడికి డబ్బు. మీరు మానడం తప్పని అనను, కానీ దాని ఖరీదు మీరు కాక బస్తీ చెల్లిస్తుందని తెలిసి మానండి.

కొనసాగిస్తే మాత్రం పద్ధతి మారాలి. మా వీధిలో జరిగింది ఒకటి చెబుతాను. హైదరాబాదులో ఇళ్ళకు నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీరు 2021 జనవరిలో మొదలైంది. మా పక్కింటి పెద్దాయన ఆ వార్త విని నిశ్చింతగా ఉన్నారు. కొన్ని నెలల తరువాత వేలల్లో బిల్లు వచ్చింది. నన్ను పిలిస్తే వెళ్ళి చూశాను. ఆయన ఇంటి మీటరు తులసికోట వెనక, మట్టిలో సగం కూరుకుపోయి ఉంది. కొంగుతో అద్దం తుడిచి ఆయన భార్య చూపించారు. లోపల ఆవిరి పట్టి ఒక్క అంకె కనపడలేదు, ముల్లు కదలడం లేదు. పథకానికి పనిచేసే మీటరు ఉండాలి, కనెక్షను నంబరుకు ఆధార్ అనుసంధానం కావాలి. ఆయనకు చేరిన వార్తలో "ఉచితం" అన్న ఒక్క మాటే ఉంది, ఈ రెండు షరతులూ లేవు. ఆ వార్త చెప్పినవారెవరూ అబద్ధం ఆడలేదు. సగం చెప్పారు. పేదవాడికి సగం చెప్పిన మాట వల్ల జరిగే నష్టం అబద్ధం వల్ల జరిగేదానికి ఏమీ తీసిపోదని నాకు ఆ రోజు తెలిసింది.

చట్టాల వార్తలతో ఇంకా జాగ్రత్త కావాలి. మీ కాలనీలో సగం మందికి ఊళ్ళో ఎకరమో అరెకరమో ఉంటుంది కదా. భూముల రికార్డుల ధరణి స్థానంలో వచ్చిన భూభారతి బిల్లును 2024 డిసెంబరులో శాసనసభ ఆమోదించింది. గవర్నరు ఆమోదం 2025 జనవరిలో వచ్చింది. అమలు మొదలైంది 2025 ఏప్రిల్ 14న, అదీ మొదట నాలుగు మండలాల్లో ప్రయోగంగా. డిసెంబరులో "కొత్త చట్టం వచ్చేసింది" అని చదివి పాసుపుస్తకం పట్టుకుని బస్సెక్కినవాడికి తహసీల్దారు కార్యాలయంలో ఏం దొరుకుతుంది? మన రాష్ట్రంలో శాసనసభ, శాసనమండలి రెండూ ఉన్నాయి. రెండింటిలో ఆమోదం, గవర్నరు సంతకం, గెజిట్, నియమాలు, ఆ తరువాత జీవో, అప్పుడు గాని కౌంటరు దగ్గర గుమస్తా మన కాగితం ముట్టుకోడు. ఎమ్మెల్యే గారు సభలో చేయెత్తిన రోజునే సంతోషంగా సందేశం పంపుతారు. ఆయనకు ఆ రోజు పని పూర్తయినట్టే, మీ బస్తీకి ఇంకా మొదలు కాలేదు. అందుకని చట్టం గురించి ఏం రాసినా "ఇది ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది" అన్నది మొదటి వాక్యంలోనే రాయండి. "ఇప్పుడే ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు" అన్నది కూడా ఎంతో విలువైన సమాచారం. ఒక రోజు కూలి మిగులుతుంది.

కార్యాలయాన్ని కూడా అడగండి. వాళ్ళు సమాచారం పంపడం మంచి పని, అది అందరూ చేయరు, ఆ మాట వారితో అనండి. అని, తేదీలో సంవత్సరం, జీవో నంబరు, ఎవరు అనర్హులు, ఏ కార్యాలయంలో ఎవరిని కలవాలి, ఇవి లేకుండా వచ్చినది మీరు ముందుకు పంపరని చెప్పండి. మంచి కార్యాలయమైతే రెండు వారాల్లో పద్ధతి మార్చుకుంటుంది. మార్చుకోకపోతే పదవి గురించి మీకు ఒక జవాబు అప్పుడే దొరికినట్టు.

ఒక విషయం మీ ఉత్తరంలో యథాలాపంగా దొర్లింది, నాకు మాత్రం ఉలికిపాటు కలిగింది. బస్తీవాళ్ళు ఆధార్, బ్యాంకు పుస్తకం ఫొటోలు గ్రూపులోనే పెడుతున్నారట. దాన్ని ఈరోజే ఆపించండి. ఇప్పటికే ఉన్నవాటిని వాళ్ళ చేత తీయించండి. అవి ఎవరి ఫోనులో ఏ పనికి మిగిలిపోతాయో ఎవరూ చెప్పలేరు. డబ్బు పోయాక సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయడం కన్నా ఇది తేలిక.

మహిళా కమిటీ పదవి దగ్గరకు వద్దాం. దీన్ని నేను చెడ్డ పనిగా చూడను. ఎమ్మెల్యే దగ్గర చనువు ఉంటే కొన్ని పనులు నిజంగా కదులుతాయి. 1,00,116 రూపాయల కల్యాణలక్ష్మి దరఖాస్తు తహసీల్దారు విచారణ తరువాత ఎమ్మెల్యే సంతకం కోసం వెళుతుంది. ఆసుపత్రి బిల్లులతో ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకునేవాళ్ళు ఆయన సిఫారసు లేఖ కోసమే తిరుగుతారు. మీరు లోపల ఉంటే ఆ తిరుగుడు తగ్గించగలరు. రాజకీయాల్లోకి మీలాంటి ఆడవాళ్ళు రావాలని కూడా నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. చేరాలని మీకే మనసులో ఉంటే చేరండి, దాచకుండా చేరండి. గ్రూపులో మీరే ముందు చెప్పండి. కాకపోతే ఆ రోజు నుంచి కాలనీలో కొందరు మీ దగ్గరకు రారు. వేరే పార్టీకి ఓటు వేసిన ఇంట్లోనూ పింఛను కావలసిన ముసలమ్మ ఉంటుంది. ఆమె కోడలు ఆమెను మీ గుమ్మం ఎక్కనివ్వదు. ఎన్నికల నియమావళి అమలులోకి వచ్చాక ఫొటో ఉన్న పథకం సందేశాన్ని ఎవరైనా ప్రచారమనే అంటారు.

ఫొటో విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. "సార్ మనకు 10 లక్షలు ఇచ్చారు" అని రాయవచ్చు, "మీ కార్డుకు 10 లక్షల వరకు అర్హత ఉంది" అనీ రాయవచ్చు. మొదటిది చదివిన మనిషి చేతులు జోడిస్తుంది. రెండోది చదివిన మనిషి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర నిలబడి అడుగుతుంది. మీ మాటలు ఇన్నాళ్ళూ రెండో రకంగా ఉన్నాయి. మీరు జతచేసిన నమూనాలు చూశాను, ఒక్కచోట కూడా "ఇప్పించారు" అని రాయలేదు. అది పోగొట్టుకోకండి.

పదవి వద్దని, పని కొనసాగిస్తానని అనవచ్చు. అప్పుడు కార్యాలయం ముఖం ముడుచుకోవచ్చు, సందేశాలు మీకు ఆలస్యంగా రావచ్చు. దానికి సిద్ధపడండి. కానీ ఒక ఎమ్మెల్యేకు పొగిడేవాళ్ళ కన్నా మీరు ఎక్కువ పనికివస్తారని ఆయనకు తెలియజేసే మార్గం ఉంది. ఇన్నాళ్ళూ సమాచారం ఆయన దగ్గర నుంచి కిందికే వచ్చింది. మీరు పైకి పంపండి. మీ గుమ్మానికి వచ్చినవాళ్ళలో ఎందరికి ఏ కారణంతో కాగితం తిరిగివచ్చిందో ఒక నోటుపుస్తకంలో రాయండి. పేర్లు వద్దు, కారణాలు చాలు. వేలిముద్ర పడలేదు, ఆధార్‌లో ఇంటిపేరు వేరు, భర్త మరణ ధ్రువపత్రం ఊళ్ళో ఉండిపోయింది, ఇలాంటివి. మూడు నెలలకొకసారి ఆ పేజీ కార్యాలయానికి ఇవ్వండి. ప్రశ్నోత్తరాల సమయంలో సభలో అడగడానికి ఆయనకు ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. అందుకు ఏ కమిటీ పదవీ అవసరం లేదు.

ఇంకో దారి మీరు ఆలోచించినట్టు లేదు: ఒక్కరే ఎందుకు? మీ గ్రూపులో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరున్నారని రాశారు. బస్తీలో డిగ్రీ చదివే అమ్మాయి ఉందనీ రాశారు. ముగ్గురూ చూశాకే సందేశం వెళ్ళాలని పెట్టుకుంటే కొంచెం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి మాటామాటా పెరుగుతుంది కూడా. కానీ ఆ డిసెంబరు సందేశాన్ని ముగ్గురిలో ఒకరైనా "ఇది ఏ ఏడాదిది" అని అడిగి ఉండేవారు. ఆ ముగ్గురూ ఒకే పార్టీవాళ్ళు కాకపోతే మరీ మంచిది, పార్టీ మనిషి అన్న మాట దానంతట అదే ఆగుతుంది.

మీవారి గురించి. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఇంటిని మీరు ఆయనను అడగకుండానే కచేరీ చేశారు. గేటు దగ్గర మాట పడింది ఆయన. "చాలించు" అన్న మాటను పని మీద కోపంగా తీసుకున్నారు మీరు. నాకది ఇల్లు తిరిగి ఇవ్వమన్న మాటలా వినిపించింది. వారానికి రెండు సాయంత్రాలు, కాలనీ కమ్యూనిటీ హాలులో కూర్చుంటానని ఆయనతో చెప్పి చూడండి. అప్పటికీ వద్దంటే అప్పుడు మళ్ళీ ఆలోచిద్దాం. ఈ ఉత్తరం ఆయనకు చూపించండి, నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఆమె అర్జీ. సోమవారం కలెక్టరేటులో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణి జరుగుతుంది. బేగంపేటలోని ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో. మీ ఇంటికి ఏది దగ్గరో చూసుకుని, ఆమె పనిచేసే ఇళ్ళలో ముందు రోజే చెప్పి, మీరూ వెంట వెళ్ళండి. మహాలక్ష్మి బస్సు ఉంది కనుక ఇద్దరికీ టికెట్టు ఖర్చు లేదు, ఆధార్ కార్డు మాత్రం మరవద్దు. భర్త మరణ ధ్రువపత్రం, ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, అన్నీ రెండేసి నకళ్ళు. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి. కొత్త వితంతు పింఛను కోసం అర్జీ, ఒకే పేజీ, ఆమె మాటల్లోనే రాయండి. ఇప్పుడే మంజూరవుతుందని ఆమెకు మాట ఇవ్వకండి, ఆ మాట మీ చేతిలో లేదు. చాలా రోజులు గడిచినా కబురు రాకపోతే, అర్జీ ఏమైందో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు చూపితే అదీ ఉండదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ అర్జీ ఆమె పేరునే పెట్టండి.

ప్రజావాణిలో అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోకుండా లేవకండి. వెనక వరుసలోవాళ్ళు తొందరపెడతారు, పెట్టనివ్వండి. రసీదు మీద ముద్ర, నంబరు, తేదీ ఉన్నాయో లేదో చూడండి, తేదీలో సంవత్సరం ఉందో లేదో మరీ చూడండి. మీరు ఫోనులో ఒక ఫొటో తీసుకుని, కాగితం ఆమె చేతికే ఇవ్వండి.